చిప్స్ ప్యాకెట్ సెన్సర్ మెసేజ్: దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి

"చిప్స్ ప్యాకెట్ రేకు, 2 మిల్లీమీటర్ల అక్రిలిక్ రింగు, దోమల బ్యాట్ సర్క్యూటు ఉంటే చాలు, యాభై రూపాయల్లో మినీ అల్ట్రాసోనిక్ సెన్సర్ రెడీ!" బీటెక్ ప్రాజెక్టుల టైము వచ్చిందంటే ఈ మెసేజ్ మళ్లీ గ్రూపుల్లోకి వస్తుంది. పంపేవాళ్లలో చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ సెన్సర్ చెవికి వినపడని శబ్దం పంపి, ప్రతిధ్వనితో దూరం కొలుస్తుంది. రింగు మీద బిగించిన రేకు, దాని వెనక మెటల్ ప్లేటు, రెండిటి మధ్య వోల్టేజీ: ఆ వోల్టేజీకి రేకు కదిలి శబ్దం చేస్తుంది.

"ఏ రేకైనా పర్లేదు" అట. చిప్స్ ప్యాకెట్‌లో అల్యూమినియం పూత సాధారణంగా రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది. మరి వైరు దేనికి అంటిస్తారు? ఒకవైపు మెటల్ పూత ఉన్న కాప్టాన్ గానీ మైలార్ గానీ (రెండూ పల్చటి ప్లాస్టిక్ ఫిల్ములే) కొనుక్కోండి.

"ఫోన్‌లో రికార్డు చేసి టెస్టు చేయొచ్చు" అట. సెకనుకు 48 వేల శాంపిళ్లు తీసే ఫోన్‌కి 24 కిలోహెర్ట్జ్ దాటితే చెవుడే, ఈ సెన్సర్ శబ్దమేమో 40 దగ్గర.

"ఎంత చిన్నదైతే అంత దూరం కొలుస్తుంది" అన్నది పూర్తిగా తలకిందులు. 40 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డయాఫ్రమ్ (రింగులో కదిలే రేకు) నుంచి శబ్దం నలువైపులా చెదిరిపోతుంది. పైగా 25 మైక్రాన్ల కాప్టాన్‌తో దాని కెపాసిటెన్సు (చార్జి దాచుకునే సామర్థ్యం) 4 పికోఫారడ్లు దాటదు. మీటరు కోయాక్స్ (సిగ్నల్ మోసే షీల్డు వైరు) కేబులే 100 దాకా ఉంటుంది, ఇక సిగ్నల్ మిగిలేదెక్కడ? ప్రీయాంప్‌ని (సిగ్నల్‌ని మొదట పెంచే సర్క్యూటు) రింగు పక్కనే పెట్టాలి.

"లాగి క్విక్ గమ్‌తో అంటిస్తే ఏళ్ల తరబడి కదలదు." అదే కాప్టాన్‌ని లాగకుండా అంటిస్తే ఆ రింగులో 16 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 20 మెగాపాస్కళ్ల బిగువిస్తే 48కి వెళ్తుంది. అంటే ఫ్రీక్వెన్సీని నడిపేది బిగువే. డిగ్రీ వేడికి కాప్టాన్ మిలియన్‌లో 20 వంతులు సాగితే అక్రిలిక్ సుమారు 70 వంతులు సాగుతుంది. ఎండలో 20 డిగ్రీలు పెరిగితే రింగు రేకుని మరో 4 మెగాపాస్కళ్లు లాగుతుంది, 48 కాస్తా 52 అవుతుంది. అల్యూమినియం రింగు 23 వంతులే సాగుతుంది కాబట్టి ఈ గొడవ దాదాపు ఉండదు. తేమకి కాప్టాన్ సాగి బిగువు తగ్గడం మాత్రం ఏ రింగుతోనూ ఆగదు.

ఇక అసలు ప్రమాదం. "బయాస్‌కి దోమల బ్యాట్ వైర్లు కలపండి, కరెంటు తక్కువ కాబట్టి షాక్ కొట్టదు." ఎవరి తెలివో గానీ దండం పెట్టాలి! బయాస్ అంటే రేకుకీ వెనక ప్లేటుకీ మధ్య నిలకడగా ఉంచే డీసీ వోల్టేజీ. ఆ బ్యాట్ ఇచ్చేది వెయ్యి వోల్టుల పైమాటే. రేకుకీ వెనక ప్లేటుకీ మధ్య 20 మైక్రాన్ల గాలి సందు 450 వోల్టుల దగ్గరే స్పార్క్ అవుతుంది. రేకు చార్జి పట్టి రీడింగులు జారిపోతాయి, ప్రీయాంప్ ఇన్‌పుట్ కాలిపోతుంది. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది. అంతకంటే ఘోరం, చవక చార్జింగ్ బ్యాట్లలో చాలావాటికి మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కెపాసిటర్ గుండా నేరుగా మెయిన్స్‌కే కలిపి ఉంటాయి. చార్జింగ్‌లో పెట్టి ప్రయోగం చేస్తే మీ రేకు, స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపే ఆసిలోస్కోప్) ప్రోబు, ల్యాప్‌టాప్ గ్రౌండు అన్నీ 230 వోల్టుల లైనుకి చుట్టాలైపోతాయి.

అసలు అంత వోల్టేజీ ఎందుకు? 1978లో పోలరాయిడ్ సోనార్ కెమెరాలు బంగారు పూత కాప్టాన్‌తోనే, వందల్లో ఉండే వోల్టులతోనే పనిచేశాయి. 150 వోల్టుల డీసీ చాలు. గాలిలో 330 లోపు స్పార్క్ రాదు కూడా. సీరీస్‌లో 1 మెగాఓమ్, చార్జి దిగడానికి సమాంతరంగా 10 మెగాఓమ్‌లు, ప్రీయాంప్‌కి ముందు 400 వోల్టుల కెపాసిటర్, ఇన్‌పుట్ దగ్గర క్లాంప్ డయోడ్లు (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేవి) పెట్టండి. చేతికి తగిలే మెటల్ వైపు గ్రౌండు, బయాస్ లోపలి ప్లేటుకి. 150 వోల్టులు కూడా షాక్ కొడతాయి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే ముట్టుకోండి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అల్యూమినియం డబ్బాలో వచ్చే మామూలు సెన్సర్ కంటే ఇది దగ్గరి వస్తువుల్ని బాగా పట్టుకుంటుందని ఆ మెసేజ్‌లో ఉంది. నిజమే. రేకు బరువు తక్కువ కాబట్టి పల్స్ ఆగగానే మోగడం త్వరగా తగ్గుతుంది. డబ్బా మోత మాత్రం చాలాసేపు ఆగదు, దగ్గరి ప్రతిధ్వని ఆ మోతలో మునిగిపోతుంది.

చివరిది: "స్కోప్‌లో 40 కిలోహెర్ట్జ్ కనబడితే పాస్." రిసీవర్‌ని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి 10 సైకిళ్ల పల్స్ పంపితే శబ్దం 0.87 మిల్లీసెకన్లకి గానీ చేరదు. పల్స్ మొదలైన క్షణంలోనే, అంటే సున్నా దగ్గర, కనబడే సిగ్నల్ డ్రైవ్ వైరు నుంచి దూకినది. మధ్యలో అట్ట ముక్క అడ్డం పెట్టండి. గీత తగ్గకపోతే అది శబ్దం కాదు, షీల్డింగ్ (వైర్ల చుట్టూ మెటల్ కవచం) సరిచేసి మళ్లీ కొలవండి.