‘అదే మడిలో అదే టమాటా’ అలవాటు గారికి

మహారాజశ్రీ అలవాటు గారికి,

మా వీధిలో మిద్దె తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ తమరికి పీట వేసే ఉంటుంది. ఎండ బాగా పడే మడి తమరిది. నిరుడు అందులో టమాటా, అంతకుముందూ టమాటా, ఈసారీ నారు సిద్ధం. పంట మార్చమంటే తమరు నొచ్చుకుంటారు. “మార్చాం కదండీ! టమాటా తీసి వంగ పెట్టాం, వంగ తీసి మిరప పెట్టాం” అంటారు. అయ్యా, బంగాళాదుంపతో సహా అవన్నీ ఒకే కుటుంబం, ఒకరి తెగులు ఇంకొకరికీ పట్టేదే. పెళ్లి సంబంధం వస్తే కాఫీ చల్లారేలోపు గోత్రం అడిగే ఇళ్లలో కాపురం ఉంటూ, మడి దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు ఎటు పోతుందో! బెండ తీసి గోంగూర వేసినా సగోత్రమే. పాలకూర తీసి బీట్‌రూట్ వేసినా అంతే.

తమరి దయవల్ల మట్టిలో స్థిరపడినవారి క్షేమం కూడా రాస్తున్నాను. నిన్నటిదాకా నిలువునా ఉన్న టమాటా మొక్క ఆకు పసుపెక్కకుండానే తల వాల్చింది. తమరు చెంబెడు నీళ్లు పోశారు, సాయంత్రం మరో చెంబు. చివరికి కాండం మొదట్లో కోసి, గాజుగ్లాసులోని నీళ్లలోకి వేలాడదీసి చూస్తే, కాసేపటికే కోసిన చోటు నుంచి తెల్లని జిగురు తీగ సాగుతూ కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులు! అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలదు. దానికి తమరు ఏటా విస్తరి వేస్తున్నారు.

పక్క మొక్క వేర్లకున్న బుడిపెలు చూసి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే బుడిపెలని మురిసిపోయారట. అవి చిక్కుడు, అలసంద వంటి వాటికి వస్తాయండీ. గోటితో గీరితే ఊడివస్తాయి, పనిచేసేవైతే లోపల గులాబీ రంగుంటుంది. టమాటా వేరే ఉబ్బి ముడులు పడిందంటే అది నులిపురుగుల కాపురం. వీటికి మాత్రం గోత్రాల పట్టింపు లేదు, బెండనూ దోసనూ కూడా వదలవు. బంతి అంటే గిట్టదు. అయితే మూలన ఒక్క బంతి మొక్క నాటి ఫొటో తీసుకుంటే చాలదు, మడి నిండా రెండు మూడు నెలలు ఉంచాలి.

కృష్ణా డెల్టా రైతు వరి కోతకు ముందే ఆ చేలో మినుము చల్లుతాడు. ఆ మినుములతో గారెలు తిన్నారే గానీ, వరి తర్వాత మినుమెందుకని తమరు ఏనాడూ అడగలేదు. వరిది వేరే గోత్రం, మినుముది ఆ నత్రజని బుడిపెల చిక్కుడు గోత్రం, అందుకని!

కాబట్టి ఇది నోటీసు. ఈసారి ఆ మడిలో ముందు మడి నిండా బంతి, ఆ తర్వాత చిక్కుడు. కాపు అయ్యాక పీకం, మొదట్లో కోసి వేర్లు మట్టిలోనే వదిలేస్తాం. మట్టి కుంగినంత మేర కంపోస్టు నింపి, పైన ఎండుటాకులు పరుస్తాం. తర్వాత తోటకూర, ఆపైన ముల్లంగి. మూడేళ్లకు తక్కువ కాకుండా టమాటా గోత్రీకులకు ప్రవేశం లేదు.

ఇట్లు,
మేడ మీది మట్టి తరఫున

తా.క.: ఆ మడి తవ్విన బొరిగెను కడగకుండా పక్క మడిలో దించకండి. తమరి ఆశ్రితులకు టికెట్టు లేని ప్రయాణం అదే.