వాననీటిని వీధి అంచునే ఆపాలి

2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి అనంతపురం కాలనీలను ముంచింది. జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లే. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊరే వానకు మునుగుతోంది. ఏటా కాలువ గోడలు ఎత్తు పెంచితే సరిపోదు. సిమెంటు గోడల మధ్య నీరు మరింత వడిగా వెళ్లి దిగువ కాలనీ మీద పడుతుంది.

ముప్ఫై అడుగుల వెడల్పు రోడ్డు మీద వంద మీటర్ల పొడవున, 40 మిల్లీమీటర్ల వానకు 36 వేల లీటర్ల నీరు కురుస్తుంది. అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఏడు! రోడ్డు పక్కన ఆరు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పున వాన గుంతలు నాలుగు తీస్తే అందులో 15 వేల లీటర్ల దాకా ఆగుతుంది.

గుంత అడుగున ఒక అడుగు మందం 40 ఎంఎం కంకర, దానిపై నాలుగంగుళాల చిప్స్ (సన్న కంకర), ఆపైన రెండడుగుల మట్టి మిశ్రమం పోయాలి. మూడుపాళ్లు ముతక ఇసుకకు ఒకపాలు ఎర్రమట్టి, ఒకపాలు బాగా మాగిన ఎరువు కలపాలి. మట్టి పైభాగం రోడ్డుకు అర అడుగు దిగువన ఉండాలి. వట్టివేరు, దర్భ నాటితే ఎండకూ వానకూ తట్టుకుంటాయి.

ఎర్రనేల కదా, ఇంకుతుందిలే అనుకోవద్దు. వాన దెబ్బకు పైపొర అట్టకడుతుంది. జేసీబీ తొక్కిన చోట ఇంకుడు ఇంకా తక్కువ. ముందు పరీక్ష కోసం అడుగు లోతు గుంత తీసి రెండుసార్లు నీరు నింపి ఇంకనివ్వాలి. మూడోసారి నింపి స్కేలుతో కొలవాలి. గంటకు 12 మిల్లీమీటర్లయినా దిగకపోతే అడుగున రంధ్రాల పైపు వేసి వరద కాలువకు కలపాలి.

ఈ వాన గుంతలు చెడిపోయేది ఎక్కువగా రోడ్డు నీరు లోపలికి వచ్చే గండి దగ్గరే. ఇళ్లు కట్టేవాళ్లు రోడ్డు మీద పోసిన ఇసుక తొలి వానకే కొట్టుకొచ్చి మట్టి రంధ్రాలను పూడుస్తుంది. అందుకే గండి దగ్గర ఇసుక, ఒండ్రు ఆగేందుకు రెండడుగుల ఒండ్రు గుంత ఉండాలి. దాని అడుగున కడప బండ పరిస్తే పారతో గీకి ఎత్తడం తేలిక. మురుగు కాలువను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇందులోకి మళ్లించకూడదు. దోమల భయం న్యాయమైనదే. కానీ గుడ్డు దోమగా మారడానికి వారం పడుతుంది, పైనిలిచిన నీరు రెండు రోజుల్లో ఇంకితే చాలు.

మన డివైడర్లను చూడండి. మట్టిని రోడ్డు కన్నా ఎత్తున కుప్పపోశారు. వాన పక్కనుంచే పోతుంది, మొక్కలకు మళ్లీ ట్యాంకరు నీళ్లే. కొత్త డివైడర్లనైనా పల్లంగా కట్టాలి.

కుంభవృష్టిని ఈ గుంతలు ఆపలేవు. నడిమివంకకు దాని వెడల్పు దానికి వదలాలి, ఎగువ చెరువుల మరవలు (నిండిన నీరు పొర్లిపోయే దారులు) పూడకుండా చూడాలి. గుంతల టెండర్లో మూడేళ్ల నిర్వహణ తప్పనిసరిగా రాయాలి. ట్యాంకరు నీళ్లు పోయించి, మర్నాటికి ఇంకాయని ఇంజినీరు కళ్లారా చూసి సంతకం చేశాకే నగరపాలక సంస్థ బిల్లు చెల్లించాలి.