కప్పు ప్రైవేటు టీముకు, చాకిరీ క్లబ్బుకు

యూత్ సెయిలింగ్‌లో, అంటే పిల్లల తెరచాప పడవల పందేల్లో, ఇప్పుడు ప్రైవేటు టీములదే హవా. ఒక కోచ్, ఒక మోటారు బోటు, ఆరితేరిన పిల్లలు నలుగురైదుగురు. ఒక రెగట్టా (పడవ పందేల పోటీ) ముగియగానే ఇంకోదానికి ప్రయాణం. పతకాలు వస్తున్నాయి కాబట్టి పాత క్లబ్బుల పని అయిపోయిందని తల్లిదండ్రులు తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను.

పాత క్లబ్బులేమీ పులుకడిగిన ముత్యాలు కావు. సభ్యత్వం అంత తేలిగ్గా దొరకదు, కమిటీ మీటింగులు ఒక పట్టాన తెమలవు. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు కదా, మంచి కోచ్ కూడా అలాగే కొందరి పిల్లలకే దొరుకుతాడు. విసిగి బయటికి పోయినవాళ్లను తప్పుపట్టలేం.

కానీ రేసు రోజు నీళ్ల మీద ఏం జరుగుతుందో చూడండి. గాలి దిశ కొలిచి, దానికి అడ్డంగా స్టార్ట్ లైన్ వేయాలి. గాలి వచ్చే వైపున, పడవలు చుట్టి తిరగాల్సిన మార్కుకు లంగరు దించాలి. స్టార్ట్‌కు 5 నిమిషాల ముందు ఒక జెండా, 4 నిమిషాలప్పుడు రెండోది ఎగరేయాలి, నిమిషం ఉందనగా ఆ రెండోదాన్ని దించాలి. తొందరపడి లైన్ దాటిన పడవల నంబర్లు రాసుకోవాలి. ఈలోపు గాలి తిరిగిందా, అంతా మళ్లీ మొదటికే. బోల్తాపడ్డ పిల్లల దగ్గరికి సేఫ్టీ బోటు పరిగెత్తాలి. సాయంత్రం ప్రొటెస్టులు, అంటే పోటీదారులు ఒకరిమీద ఒకరు పెట్టే ఫిర్యాదులు, విని తీర్పు చెప్పాలి. ఇందులో చాలా భాగం క్లబ్బుల వాలంటీర్లు జీతం లేకుండా చేసేదే. ప్రైవేటు టీము ఎంట్రీ ఫీజు కట్టి వస్తుంది, కప్పు పట్టుకుని పోతుంది. ఈ చాకిరీ అంతటికీ కూలి లెక్కగట్టి ఆ ఫీజులో కలిపి చూడండి, ఎంతమంది తల్లిదండ్రులు కడతారో.

పిల్లలు ఒక్కొక్కరుగా నడిపే చిన్న తెరచాప పడవ ఆప్టిమిస్ట్‌నే తీసుకోండి. 1947లో క్లార్క్ మిల్స్ దాన్ని ప్లైవుడ్‌తో చవగ్గా తయారయ్యేలా గీశాడు, మామూలు ఇళ్ల పిల్లలూ ఎక్కాలని. 15 ఏళ్లు నిండిన ఏడాదితో ఆ రకం పడవలో పోటీ వయసు అయిపోతుంది. అక్కడితో ప్రైవేటు టీము లెక్క చుక్తా. క్లబ్బులో అయితే ఆ కుర్రాడు చిన్నపిల్లలకు ముడులు నేర్పుతాడు, పందెం నడిపే రేస్ కమిటీ బోటెక్కి జెండా లాగుతాడు. చివరి స్థానంలో వచ్చిన పిల్లకూ వచ్చేవారం పడవ ఉంటుంది.

ఈ జబ్బు పడవలతో ఆగలేదు. పాఠం బడి చెబుతుంది, ర్యాంకు ట్యూషన్ సెంటర్ బోర్డు మీదికెక్కుతుంది. కాలనీ సంఘం మీటింగుకు రాని ఇంటి నుంచే ఫిర్యాదులు ఎక్కువ. అందరికీ వడ్డన కావాలి, విస్తళ్లు ఎత్తడానికి మాత్రం ఎవరూ లేవరు.

నేనైతే ఒక్క షరతు పెడతాను. 5 పడవలు దింపే టీము రోజంతా ఒక మనిషిని రేస్ కమిటీకి ఇవ్వాలి, లేదంటే ఎంట్రీ లేదు. మనుషులకేం కొదవ? తల్లిదండ్రులు ఎలాగూ ఒడ్డున కుర్చీలేసుకుని కూర్చునే ఉంటున్నారు.