కమానుల కింద కరిగిపోతున్న ఇసుక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత వంతెన ప్రస్తావన వస్తే ముందుగా వినిపించేది దాని వయసు. వందేళ్లు దాటింది కనుక కూల్చేయాలన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది గాని, ఇటుక కమానుల విషయంలో నిలవదు. కమానులో ప్రతి ఇటుకా పక్కదాన్ని నొక్కుతూ పైబరువును స్తంభాలకూ, వాటి గుండా పునాదికీ దించుతుంది. ఆ నొక్కుడును ఇటుక బాగా ఓర్చుకుంటుంది. తుప్పు పట్టడానికి అందులో ఇనుము లేదు. గానుగ సున్నం అతుకు చిన్నపాటి కదలికలకు సర్దుకుంటుంది.

లాత్వియాలోని కుల్దీగ పట్టణంలో వెంటా నదిపై 1874లో కట్టిన ఇటుక వంతెననే చూడండి. పొడవు 164 మీటర్లు, కమానులు ఏడు, రెండు గుర్రపు బండ్లు ఎదురుపడినా తప్పుకోగల వెడల్పు. 1915లో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, రెండు కమానులను పేల్చివేశారు. ఒక కమాను పోతే పక్కదాని తోపుడుకు ఎదురు ఉండదు. అయినా మిగిలిన అయిదూ నిలిచాయంటే స్తంభాల దిట్టతనం ఎంతటిదో ఊహించవచ్చు. పోయినవాటిని 1926లో పునర్నిర్మించారు, 2008లో వంతెనను బాగుచేశారు. ఆ పాత పట్టణానికి 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

ఇలాంటి కట్టడానికి పైబరువుకన్నా పెద్ద ముప్పు అడుగున ఉంది. వరద స్తంభాన్ని ఢీకొని సుడి తిరిగినప్పుడు పునాది చుట్టూ ఇసుక కోసుకుపోతుంది. ఒడిశా కొండల్లో వాన పడితే పొంగే నాగావళి, వంశధారల్లో ఈ కోత సహజమే. దానికి తోడు మనమే ట్రాక్టర్లతో తవ్వుకుపోతే నదిని నిందించి లాభం లేదు. వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తీయరాదన్న నిబంధన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నియమాల్లో ఎప్పటినుంచో ఉంది.

లారీలను యథేచ్ఛగా వదలమని మేము అనడం లేదు. బొబ్బిలి దగ్గర వేగావతిపై పారాది వంతెన అవస్థ చూసినవారెవరూ ఆ మాట అనలేరు. భారీ వాహనాలకు కొత్త వంతెనలు కట్టవలసిందే, పాతవాటిని ఆటోలకూ పాదచారులకూ మిగల్చవచ్చు. మరమ్మతు పేరుతో సిమెంటు పూత మాత్రం వద్దు: తేమ బయటికి పోలేక ఇటుక పొరలుగా రాలుతుంది. సున్నపు పనికి సున్నమే వాడాలి, రావి మొక్కలను వేళ్లతో తీయించాలి.

తొలకరికి ముందే రోడ్లు భవనాల శాఖ ప్రతి పాత కమాను వంతెన స్తంభాల వద్దా నది అడుగును కొలిపించి, ఆ అంకెలను ప్రజల ముందుంచాలి. కూల్చివేత ప్రతిపాదన ఏదైనా ఆ తరువాతే రావాలి.