డీసీ-3కి టర్బోప్రాప్ పెట్టాలా?

తమ్ముడు: అన్నా, 1935లో మొదటిసారి ఎగిరిన డీసీ-3 విమానం ఇప్పటికీ పనిలో ఉండాలంటే పిస్టన్ ఇంజన్లు తీసేసి టర్బోప్రాప్‌లు, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ని తిప్పే ఇంజన్లు పెట్టాల్సిందే. అమెరికాలో ఓష్‌కోష్‌లో బాస్లర్ కంపెనీ పాత డీసీ-3లని మార్చి చేసే బీటీ-67 అదే కదా.

అన్న: అప్పుడది డీసీ-3 ఎలా అవుతుందిరా? పద్నాలుగు సిలిండర్లు ఒక్కొక్కటిగా అందుకుంటూ, దగ్గుతూ, ఇంత పొగ వదిలి ఒక్కసారిగా సర్దుకుంటాయి చూడు, నాకు ఆ విమానమంటే అదే. పైగా దాని ముక్కు కూడా సాగదీశారు!

తమ్ముడు: సోకు కోసం సాగదీయలేదన్నా. టర్బైన్ బరువు పాత ఇంజన్‌లో సగం కూడా ఉండదు, ముందు తేలికైతే తోక బరువెక్కుతుంది, అందుకే రెక్కకు ముందు 40 అంగుళాలు పెంచారు. ఇక నీకిష్టమైన ఆ పొగ ఎక్కడిది? ఇంజన్ ఆపాక ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగి కూర్చుంటుంది, అది కాలితేనే ఆ పొగ. పొద్దున్నే ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి చూడకుండా స్టార్ట్ చేస్తే ఆ ఆయిల్ అడ్డుపడి, పిస్టన్‌కి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. మంచులో, వేళ్లు కొంకర్లు పోతుంటే తిప్పి చూడు.

అన్న: తిప్పాలి మరి. 1956 అక్టోబర్ 31న దక్షిణ ధ్రువం మీద మొదట దిగిన విమానం అమెరికా నేవీ వాళ్ల డీసీ-3 రకమే, పిస్టన్ ఇంజన్లతోనే దిగింది.

తమ్ముడు: దిగింది, మళ్లీ లేవడానికి మాత్రం మంచు మీద జారే స్కీలు అతుక్కుపోయి, విమానానికి కట్టిన 15 రాకెట్లు కాల్చాల్సి వచ్చింది! ఇప్పుడు అంటార్కిటికాలో బీటీ-67లు సీజనంతా తిరుగుతున్నాయి. ఇంధనం సంగతీ చూడు, పిస్టన్ ఇంజన్లకి కావాల్సిన, సీసం కలిపిన ఆ ఏవ్‌గ్యాస్ పెట్రోలు మారుమూల చోట్ల దొరకడమే కష్టం, జెట్ ఇంధనం అయితే దాదాపు అన్నిచోట్లా ఉంటుంది.

అన్న: అంత ఖర్చు పెట్టేవాళ్లు వేరే విమానమే కొనుక్కోవచ్చుగా?

తమ్ముడు: ఇంత బరువు మోస్తూ స్కీల మీద, మట్టి రన్‌వేల మీద దిగేవి ఎన్ని ఉన్నాయి? క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచరు కాబట్టి పైకి ఎగిరిన ప్రతిసారీ బాడీ ఉబ్బి తగ్గే బాధ లేదు, రేకు ఇన్నేళ్లు నిలిచిందంటే అదీ ఒక కారణమే.

అన్న: సరే, పనిచేసేవాటికి పెట్టుకో. ధ్రువం మీద దిగిన ఆ విమానం అమెరికాలో పెన్సకోలా మ్యూజియంలో ఉంది, దాని జోలికి మాత్రం రావద్దు. మ్యూజియంలో ఇంజన్ మాట్లాడదురా, అలాంటివి ఇంకొన్ని పాత ఇంజన్లతోనే ఎగురుతూ ఉండాలి.

తమ్ముడు: ఎగరనీ అన్నా, నేనూ వెళ్లి వింటాను. కానీ మంచులో చిక్కుకున్న మనిషిని తీసుకురావడానికి మాత్రం టర్బైన్ ఉన్నదాన్నే పంపుతాను.