వయసు ఒక్కటే చూసి కొనకండి

కారులో పిల్లల సీట్ల గురించిన మీ వ్యాసంలో, నాలుగేళ్లు దాటితే బూస్టర్ సీటుకు (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) మారొచ్చని రాశారు. వయసు ఒక్కటే చూసుకుని కొనొద్దని నా మనవి. మాది అమలాపురం, పాపకు ఆరేళ్లు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి సీటు మరీ వెడల్పు. మా కారులో వెనక బెల్టు బకిల్ మీదకి ఎక్కి కూర్చునేది. బెల్టు సరిగ్గా పడిందో లేదో తెలియక రావులపాలెం వెళ్లేదాకా టెన్షనే. వాపసు పంపేశాం.

రెండోసారి పాపను, కారును కాకినాడలో షాపుకే తీసుకెళ్లి, కూర్చోబెట్టి చూశాకే డబ్బు కట్టాం. నడుం బెల్టు పొట్ట మీద కాదు, తొడల పైభాగాన తగలాలి. భుజం బెల్టు మెడకు రాసుకోకుండా భుజం మధ్యలోంచి రావాలి. వెనక మధ్య సీటుకు నడుం బెల్టు మాత్రమే ఉంటే అక్కడ బూస్టర్ అసలు పెట్టకూడదు. ఇది చాలామందికి తెలియదండీ.

కాలవ గట్టు మలుపుల్లో పిల్లలు నిద్రపోయి పక్కకి ఒరిగిపోతారు, అందుకే వీపు, తలకు ఆనుకునేది ఉన్నదే తీసుకున్నాం. పాప లేనప్పుడు కూడా ఖాళీ సీటుకు బెల్టు పెట్టే ఉంచుతాం, సడన్ బ్రేకు వేస్తే ఎగిరి ముందువాళ్లకు తగలకుండా.

మా అత్తయ్యగారు మొదట్లో "ఒళ్లో కూర్చోబెట్టుకుంటా కదమ్మా" అనేవారు. గుద్దుకున్నప్పుడు ఆ విసురుకు ఎంత గట్టి చేతులైనా ఆగవని నెమ్మదిగా చెప్పాం. 2019 చట్ట సవరణలో 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా పెట్టారు. ఇప్పుడు పాప బెల్టు ముందుగా సరిచూసేది ఆవిడే.