రైటింగ్ పరీక్షకు బట్టీ పనికిరాదు

తిరుపతిలో విదేశీ చదువులకు, ఉద్యోగాలకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయబోయే విద్యార్థులను కదిలిస్తే ఎక్కువగా వినిపించేది స్పీకింగ్ భయమే. ఫలితాలు వచ్చాక చూస్తే చాలామందిని వెనక్కి లాగింది రైటింగ్ అయి ఉంటుంది. ఇది మన ఊరి కష్టం ఒక్కటే కాదు. బ్రిటన్‌లో నర్సుల నమోదు చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018 చివర్లో ఒక్క రైటింగ్‌కే అర్హత స్కోరును (9కి) 7 నుంచి 6.5కు తగ్గించింది. మిగతా మూడింటికి (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) 7 అలాగే ఉంచింది.

రైటింగ్‌కు కోచింగ్‌లలో తరచుగా దొరికే చిట్కా టెంప్లేట్. ఏ అంశమిచ్చినా మొదటి పేరా, చివరి పేరా సిద్ధంగా ఉంటాయి, మధ్యలో ఖాళీలు నింపితే సరి. ఇంటర్మీడియట్ దాకా గైడు చూసి వ్యాసాలు వల్లె వేసినవారికి ఇది అలవాటైన దారే. కానీ ఇక్కడ మార్కులు నాలుగు సమాన భాగాలు: అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన వరుసగా సాగిందా, పదాల ఎంపిక, వ్యాకరణం. నగిషీ చెక్కిన వాక్యం పక్కనే క్రియ తప్పిన వాక్యం కనిపిస్తే, మొదటిది అరువు సొమ్మని పరీక్షకుడికి వేరే చెప్పాలా?

గంటలో రెండు ప్రశ్నలకు జవాబులు రాయాలి. కనీసం 250 పదాల వ్యాసానికి, కనీసం 150 పదాల మొదటి ప్రశ్నకన్నా రెట్టింపు విలువ. పర్యాటకం వల్ల స్థానికులకు మేలా, కీడా అని అడిగారనుకుందాం. మన విద్యార్థి ఎన్నడూ చూడని పారిస్ గురించి రాస్తాడు. బ్రహ్మోత్సవాలప్పుడు బస్సు కోసం నిలబడిన తన సాయంత్రాలు, యాత్రికుల రాకతోనే నడిచే వీధి చివరి టిఫిన్ కొట్టు అతనికి గుర్తుకు రావు. అవి రాయదగ్గ విషయాలని బడిలో ఎవరూ చెప్పలేదు మరి.

పై చదువులకు వెళ్లేవారు రాసే అకడమిక్ విభాగంలో మొదటి ప్రశ్న సాధారణంగా గ్రాఫో, పట్టికో. అందులోని ప్రతి అంకెనూ ఎత్తి రాయడం మనవాళ్ల జబ్బు. 2023 మదనపల్లె టమాటా ధరలను గ్రాఫుగా గీసి ఇస్తే రైతు ఏమంటాడు? ‘జులై ఆఖరుదాకా ఎక్కింది, సెప్టెంబరుకల్లా కుప్పకూలింది’ అంటాడు. పరీక్షకుడు ముందు వెతికేది అలాంటి ఒక్క మాటనే. అంకెలు దానికి సాక్ష్యంగా రావాలి. ఎందుకు కూలిందన్న సొంత విశ్లేషణ మాత్రం అక్కడ అక్కర్లేదు, దాన్ని వ్యాసానికి దాచుకోవచ్చు.

రాసినదాన్ని దిద్దేవారు లేకపోతే ఎన్ని రాసినా అవే తప్పులు ముదురుతాయి. దిద్దడం ఓపిక, సమయం తినే పని, అందుకే మెటీరియల్ ఇచ్చినంత ధారాళంగా దాన్ని ఎవరూ ఇవ్వరు. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు గోడమీది బ్యాండ్ స్కోర్ల (ఈ పరీక్షలో వచ్చిన మార్కుల) ఫొటోలు చూడటం మాని, వారానికి ఎన్ని వ్యాసాలు దిద్దుతారు, ఎవరు దిద్దుతారు అని అడగాలి. దిద్దిన కాగితం ఒకటి చూపమనాలి.